ఆర్డిస్ ఇల్లుబండిలో కరెంటు పోయిన రోజు

కరెంటు పోగానే ఎవరి నోటనైనా వచ్చే మొదటి మాట "నేనేం చెయ్యలేదు" అని. ఆ మాట ముమ్మాటికీ అబద్ధమని ఆర్డిస్ నైగార్డ్ అనుభవం మీద తేల్చుకుంది. నాలుగు చలికాలాల్లో, ఇల్లుబళ్ళు నిలిపే ఆ పార్కులో ముప్ఫై బళ్ళ కిందకి దూరి చూసిన మనిషి ఆవిడ. ఒక్క బండిలోనూ కరెంటు దానంతటది పోలేదు. ఎవరో ఏదో చేశారు. చేసి, చేతులు వెనక్కి పెట్టుకుని, ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు.

అందుకే పనిముట్ల సంచి కింద పెట్టకముందే అడిగేది.

"కరెంటు పోకముందు ఏం చేశావ్?"

"ఏం చెయ్యలేదు ఆర్డిస్."

"సరే. ఆ చెయ్యనిది ఎక్కడ చెయ్యలేదో చూపించు."

ఆవిడకి డెబ్భై మూడేళ్ళు. మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఉత్తరాన, మంచు కురిసే మినెసోటాలో ఒక బడి వంటింట్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు వండి వడ్డించింది. నాలుగొందల మంది పిల్లలు పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడి "నేను తొయ్యలేదు" అంటుంటే, తోసినవాణ్ణి చూపుతోనే పట్టేసే విద్య అక్కడే అబ్బింది. కరెంటు విద్య తర్వాత వచ్చింది.

ఇల్లుబండి కొన్నది భర్త మెల్విన్. బస్సంత బండి; అందులోనే మంచం, వంటిల్లు, స్నానాలగది. నవంబరులో మంచు మొదలయ్యే ముందు దాన్ని తోలుకుంటూ దూరాన దక్షిణాదిలో ఉన్న యూమా ఊరవతల ఎడారికి రావడం, ఏప్రిల్లో తిరిగి వెళ్ళడం. ఎనిమిదేళ్ళు అలా నడిచాక ఒక వసంతంలో మెల్విన్ పోయాడు. ఆర్డిస్ బండి అమ్మేస్తుందని అందరూ అనుకున్నారు. ఆ నవంబరులో స్టీరింగు ముందు దిండు వేసుకుని తనే తోలుకొచ్చింది.

మెల్విన్‌కి చీటీలు అంటించే అలవాటు. ప్రతి స్విచ్చి పక్కనా, ప్రతి డబ్బా మీదా ఒక చీటీ. "ఇది ముందు." "ఇది తిప్పితే అది పోతుంది." ఒకచోట మాత్రం, "ఆర్డిస్, నేను వచ్చేదాకా దీన్ని ముట్టుకోకు." ఆ చీటీ ముందు ఆవిడ ఒక పూటంతా కూర్చుని ఏడ్చింది. ఏడ్చాక అతను రాడు కదా అనుకుని ముట్టుకుంది. ఏమీ కాలేదు. ఆ రోజు నుంచే నేర్చుకోవడం మొదలుపెట్టింది.

నేర్చుకున్నదాంట్లో ముఖ్యమైన సంగతి ఒక్కటే: బండిలో కరెంట్లు రెండు. పార్కులో ప్రతి బండి పక్కనా పొట్టి దిమ్మ ఒకటి ఉంటుంది. దాన్నుంచి లావుపాటి తీగలో వచ్చేది పెద్ద కరెంటు. ప్లగ్గులు, హీటరు, కాఫీ కాచే కరెంటు కుండ దాని మీద నడుస్తాయి. బ్యాటరీల్లోంచి వచ్చేది చిన్న కరెంటు. దీపాలు, నీళ్ళ పంపు దాని మీద. పెద్దది ఉన్నంతసేపూ చిన్నదాని పని కూడా అదే చూసుకుంటుంది. పెద్దది పోయిందంటే బ్యాటరీ దీపాలైనా వెలగాలి. రెండూ ఒకేసారి పోవడం మామూలుగా జరగదు.

ఇక మినెసోటా వైపు నుంచి ఇలా వచ్చే ఆ ఉత్తరాది జనం గురించి ఒక మాట. వాళ్ళు సాయం అడగరు. నువ్వు ఇస్తానన్నా రెండుసార్లు వద్దంటారు, మూడోసారికి తీసుకుంటారు. ఒకరికి బాహాటంగా సాయం చెయ్యడమంటే నీకు చేతకాదని మొహం మీద చెప్పడమే. అందుకని దొంగచాటుగా చేస్తారు. తెల్లారేసరికి పక్కింటివాళ్ళ వాకిట్లో మంచు ఎత్తిపోసి ఉంటుంది. "మా వాకిలి ఎవరో శుభ్రం చేశారే" అంటే, "గాలికి పోయుంటుంది" అంటారు. మోకాలి లోతు మంచు గాలికి పోయిందని ఇద్దరూ ఒప్పేసుకుని కాఫీ తాగుతారు. నేను వాళ్ళ మధ్య ఇన్నేళ్ళుండీ ఈ నాటకానికి అలవాటు పడలేకపోయాను.

పార్కులో ఆర్డిస్ వరసలోనే ముగ్గురు ఉండేవాళ్ళు. ముగ్గురినీ చీకట్లోంచి బయట పడేసింది ఆవిడే.

మొదటివాడు విర్జిల్ స్టాంగ్, గోధుమ రైతు. అతని బండిలో దీపాలు రోజుకి నాలుగుసార్లు పోయేవి. బ్యాటరీలు మార్చాడు, దీపాలు మార్చాడు, బండినే మార్చేద్దామా అనుకున్నాడు. ఆర్డిస్ కుర్చీ వేసుకుని ఒక గంట ఊరికే చూసింది. విర్జిల్ బయటినుంచి వచ్చాడు. వాళ్ళ ఆచారం ప్రకారం బూట్లు విప్పడానికి తలుపు పక్క గోడకి వీపు ఆన్చి ఒంటికాలి మీద నిలబడ్డాడు. దీపాలు పోయాయి. ఆ గోడకి సరిగ్గా అతని నడుం కింది ఎత్తులో దీపాలకి వెళ్ళే చిన్న కరెంటుని మొత్తంగా ఆపేసే స్విచ్చి ఉంది.

"విర్జిల్, నీ కరెంటు పోగొడుతున్నవాడు నీ వెనకాలే తిరుగుతున్నాడు" అంది ఆర్డిస్.

రెండో మనిషి డెలోరిస్. జుట్టుకి ఉంగరాలు చుట్టుకోనిదే గడప దాటదు. వంటింట్లో కాఫీ కుండలు చచ్చిపోతున్నాయని రెండు చెత్తలో పారేసింది. అసలు సంగతి, స్నానాలగదిలోని ప్లగ్గుకి చిన్న బొత్తాం ఉంటుంది. తడి తగిలితే అది టప్పున ఎగిరి ప్రాణం కాపాడుతుంది. వంటింటి ప్లగ్గులు దాని వెనకే కట్టి ఉంటాయి కనక అవీ ఆగిపోతాయి. ఆర్డిస్ బొత్తాం నొక్కింది, చెత్తబుట్టలోని కాఫీ కుండ తెచ్చి వెలిగించి చూపించింది. అప్పట్నుంచి డెలోరిస్ ఆ బొత్తాన్ని పొద్దున్నా సాయంత్రం ప్రార్థనలా నొక్కుతుంది. అక్కడ బొత్తాలు రెండున్నాయని, నల్లది ఆపేది, ఎర్రది తెప్పించేది అని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ చెవికెక్కలేదు.

మూడోవాడు గేలార్డ్, బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. దిమ్మమీది స్విచ్చి ఆపకుండా ప్లగ్గు లాగేసేవాడు. నిప్పురవ్వలు లేచేవి, ప్లగ్గు కాళ్ళు మాడి నల్లబడ్డాయి. "ముందు స్విచ్చి ఆపు. తర్వాత ప్లగ్గు తీసి తుడిచి పెట్టు. తర్వాత స్విచ్చి వెయ్యి" అని ఆర్డిస్ పాఠం చెప్పింది. గేలార్డ్ శ్రద్ధగా విన్నాడు. మొదటి రెండూ గుర్తుపెట్టుకున్నాడు.

ఈ ముగ్గురూ ఆవిడకి ఋణపడి ఉన్నామని లోపల్లోపల కుమిలిపోతుండేవాళ్ళు. తిరిగి సాయం చెయ్యడానికి ఆర్డిస్ బండిలో ఏదీ చెడిపోయేది కాదు.

ఆర్డిస్ కొడుకు పేరు కెంట్. పంటల ఇన్సూరెన్సులో ఉద్యోగం. ఏ మబ్బుని చూసినా అతనికి వడగళ్ళే కనిపిస్తాయి. తల్లి ఒంటరిగా రెండు వేల మైళ్ళు బండి తోలడం అతనికి ససేమిరా ఇష్టం లేదు. ఫార్గో ఊళ్ళో పెద్దవాళ్ళుండే భవనంలో మూడో అంతస్తులో ఒక వాటా చూసిపెట్టాడు. లిఫ్టుంది, మంగళవారాలు బింగో ఆడిస్తారు.

"గోడకున్న ప్లగ్గు ఎప్పుడూ పనిచేస్తుందట. ఇక నేనేం చెయ్యాలిరా అక్కడ?" అని అడిగింది ఆర్డిస్.

చివరికి అక్టోబరులో తల్లీకొడుకులు ఒక ఒప్పందానికి వచ్చారు. బండిలో కరెంటు పోయి, పొద్దుగూకేలోపల ఆవిడ తనంతట తను తెప్పించుకోలేని రోజు వస్తే, తాళాలు కెంట్ చేతిలో పెట్టాలి. చేతులు కలిపారు. వాళ్ళలో చెయ్యి కలిపితే రాసిచ్చినట్టే. ఆర్డిస్ ఈ కథ పార్కులో నవ్వుతూ చెప్పింది. విన్న ముగ్గురూ మాత్రం నవ్వలేదు. ఆర్డిస్ ఫార్గో వెళ్ళిపోతే తమ బళ్ళ గతేమిటని ఎవరికి వారు దిగులుపడ్డారు. అందులో ప్రేమ ఎంతో, స్వార్థం ఎంతో వాళ్ళకే తెలియదు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం కెంట్ చెప్పాపెట్టకుండా దిగాడు. రాత్రి బండిలోనే సోఫా మీద పడుకున్నాడు. శనివారం పొద్దున్న ఆర్డిస్ పార్కు వాషింగ్ మిషన్ల గదికి వెళ్ళి బట్టలు పడేసి వచ్చి, కొడుక్కిష్టమని లెఫ్సా చెయ్యడానికి కూర్చుంది. ఉడికించిన బంగాళాదుంప పిండితో పల్చగా ఒత్తి, పెద్ద కరెంటు పెనం మీద కాల్చే రొట్టె అది. ఎడారిలో పొద్దున్నపూట చలి కదా అని కెంట్ కాళ్ళ దగ్గర హీటరు పెట్టింది. కాఫీ కుండ వెలిగించింది. మూడో రొట్టె తిరగేస్తుండగా టప్పుమంది. పెనం చల్లారింది, హీటరు ఆగింది, నెత్తిమీది దీపం కూడా పోయింది.

"అమ్మా, ఏం చేశావ్?" అన్నాడు కెంట్.

"నేనేం చెయ్యలేదు" అంది ఆర్డిస్.

అన్నాక చెవులు ఎర్రబడ్డాయి. పెనం, హీటరు, కాఫీ కుండ మూడూ ఒకేసారి! వేరేవాళ్ళు చేస్తే చెవి మెలిపెట్టే తప్పు. అంత బరువు మొయ్యలేక బండి లోపలి మెయిన్ బ్రేకర్ పడిపోయుంటుంది, పైకి నెడితే సరి. అయితే ఒక సంగతి మాత్రం ఆవిడకి మింగుడుపడలేదు. ప్లగ్గులు పోవడం తన పాపం. దీపాలెందుకు పోయాయి?

కెంట్ గడియారం చూసుకున్నాడు. "పదీ పది" అన్నాడు. మొహం చూస్తే గెలిచేవాడి మొహంలా లేదు, జ్వరం వచ్చినవాడిలా ఉంది. అది కూడా ఆవిడ చూసింది.

మెల్విన్ చెప్పిన క్రమం, బయటినుంచి లోపలికి రావాలి. తొందరపడి మధ్యలో దూరకూడదు. ఆర్డిస్ కరెంటు ఉందో లేదో చూపించే మీటరు పట్టుకుని దిమ్మ దగ్గరికి వెళ్ళింది. స్విచ్చి వేసే ఉంది, కరెంటు నిక్షేపంలా ఉంది. తీగ బాగుంది. ఆర్డిస్ తన బండికే మీటరు పెట్టిందన్న వార్త ఆ వరసంతా పాకడానికి నిమిషం పట్టలేదు.

లోపలికి వెళ్ళబోతుంటే విర్జిల్ గుమ్మంలోంచి బయటికొస్తున్నాడు, మేజోళ్ళతో, చేతిలో చక్కెర కప్పుతో.

"కప్పుడు చక్కెర కావాల్సొచ్చింది. నువ్వు పనిలో ఉన్నావు కదా, ఇబ్బంది ఎందుకని నేనే తీసుకున్నాను" అన్నాడు.

"తీసుకో, తీసుకో" అని పక్కనుంచి దూరి, మంచం కింది పెట్టె తెరిచి మెయిన్ బ్రేకర్ పైకి నెట్టింది. రావాలి. రాలేదు. పెనం చల్లగా కూర్చుంది.

మళ్ళీ మొదటినుంచి, దిమ్మ దగ్గరికి. చూస్తే దిమ్మమీది స్విచ్చి ఆపేసి ఉంది. ఇందాక వేసి ఉంది కదా? తన కళ్ళతోనే చూసింది కదా? లేక చూశాననుకుందా? పక్కన గేలార్డ్ కుక్కని పట్టుకుని తిప్పుతూ వాతావరణం బాగుందన్నాడు. ఆవిడకి వాతావరణం వినిపించలేదు. వేసిన స్విచ్చి వేశానో లేదో గుర్తులేకపోతే, కెంట్ చెప్పేది నిజమేనేమో. ఆ మాట తనలో తను అనుకోవడం అదే మొదటిసారి. చాలా భయమేసింది.

స్విచ్చి వేసింది. మెరుపుల నుంచి బండిని కాపాడే డబ్బా ఒకటి తీగకి కట్టి ఉంటుంది. అది రెండు నిమిషాలు ఆలోచించిగానీ కరెంటు వదలదు. ఆ రెండు నిమిషాలూ ఎండలో నిలబడింది. తిరిగి వచ్చేసరికి డెలోరిస్ స్నానాలగదిలోంచి బయటికొస్తోంది.

"మా బాత్రూములో నీళ్ళు రావట్లేదు ఆర్డిస్, అర్జంటై వచ్చాను" అని తడి తల దించుకుని వెళ్ళిపోయింది.

లోపల చూస్తే, హీటరు గుయ్యిమని తిరుగుతోంది. గబుక్కున దాన్ని ఆపేసింది. వంటింటి ప్లగ్గులు చచ్చి ఉన్నాయి. దీపాలూ చచ్చే ఉన్నాయి. ఒక మూల బతికి, రెండు మూలలు చచ్చిన బండిని ఆవిడ ఇంతవరకూ చూడలేదు. ఇలాంటి జబ్బు ఏ చీటీలోనూ లేదు.

బండి మెట్టు మీద కూలబడి, కాలిన మూడు రొట్టెల్లో ఒకదానికి వెన్న రాసి చక్కెర చల్లుకుందామని చూస్తే చక్కెర డబ్బా ఖాళీ. కెంట్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"పోనీలే అమ్మా. ఓడిపోతే తప్పేముంది? నాన్న ఉన్నా ఈ వయసుకి మానేసేవాడు."

"మీ నాన్నని మధ్యలోకి లాక్కురాకు. చక్కెర లేకుండా లెఫ్సా తినాల్సొచ్చింది నాకు, అసలే ఒళ్ళు మండుతోంది. ఉన్నదంతా ఆ విర్జిల్..."

ఆవిడ మాట మధ్యలోనే ఆగిపోయింది. విర్జిల్‌కి పదేళ్ళుగా షుగరు జబ్బు. కాఫీలోకి కూడా చక్కెర ముట్టుకోడు. మరి వాడికి కప్పుడు చక్కెర ఎందుకు?

డెలోరిస్ జుట్టు ఇందాక తడిగా ఉంది. నీళ్ళు రాని బాత్రూములో తల ఎలా తడుస్తుంది?

ఇక గేలార్డ్. గేలార్డ్‌కి అసలు కుక్కే లేదు.

ఆర్డిస్ లేచి నిలబడింది. ఇక ఆవిడకి మీటరు అక్కర్లేకపోయింది. దొంగచాటుగా బాగుచేసిపోదామని వచ్చి, ఎవరికి ఏ పాఠం చెప్పిందో వాళ్ళు ఆ పాఠాన్నే తెచ్చి తన బండి మీద ఒప్పజెప్పి వెళ్ళారు. బడి పిల్లల చేతిరాత గుర్తుపట్టినట్టు గుర్తుపట్టింది. తలుపు పక్క స్విచ్చి నొక్కింది, దీపాలు వెలిగాయి. స్నానాలగది బొత్తాం నొక్కింది, పెనం వేడెక్కడం మొదలుపెట్టింది. దిమ్మ సంగతి ఇందాకే సరిచేసింది. ఇంతకీ తన బుర్రకేమీ కాలేదు! ఆ సంతోషంలో గట్టిగా నవ్వేసింది.

"వచ్చేసిందా?" అన్నాడు కెంట్. ఆ గొంతులో సంతోషం ఉంది, ఇంకేదో కూడా ఉంది. "అయితే గెలిచావమ్మా. ఒంటిగంట కూడా కాలేదు."

ఇక్కడ ఇంకొకరైతే మూతి తుడుచుకుని ఊరుకునేవాళ్ళే. ఆర్డిస్ ఊరుకోలేదు. ముగ్గురూ వచ్చి చెడగొట్టింది తర్వాత. మొదట్లో, పదీ పదికి, దీపాలు ఎందుకు పోయాయి?

"ఇంకా రాలేదు" అని బయటికెళ్ళి, దిమ్మ స్విచ్చి ఆపి, తీగ పీకేసింది. దీపాలు ఠక్కున పోయాయి. అంటే బ్యాటరీ బండికి అందడం లేదు. ఇంతసేపూ పెద్ద కరెంటు మీద బతుకుతూ బండి ఆ సంగతి దాచింది.

బ్యాటరీల అర మెట్టు వెనకాల ఉంది. పలక ఊడదీస్తే తప్ప కనిపించదు. "ఆర్డిస్, నేను వచ్చేదాకా దీన్ని ముట్టుకోకు" అన్న చీటీ అంటించింది అక్కడే. పలక తీసి చూసింది. బొటనవేలంత ఫ్యూజు ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. కాలిపోలేదు. ఎవరో తీశారు. ఫ్యూజు నడిచి వెళ్ళదు.

ఆ అర అక్కడుందని విర్జిల్‌కి తెలియదు, డెలోరిస్‌కి తెలియదు, గేలార్డ్‌కి తెలియదు. పన్నెండేళ్ళ కిందట జులై ఎండలో మెల్విన్‌తో పాటు పడుకుని ఆ బ్యాటరీలు బిగించినవాడు ఒక్కడే ఉన్నాడు. ఆవిడ బట్టలు పడెయ్యడానికి వెళ్ళినప్పుడు బండిలో ఉన్నవాడూ అతనే.

మెల్విన్ కాఫీ డబ్బాలో ఇంకో ఫ్యూజు ఉంది. ఆవిడ దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. పెట్టెయ్యవచ్చు. పెడితే పందెం గెలిచినట్టే. అయితే ఆ తర్వాత వీడి మొహం ఎలా చూడాలి? వీడు తన మొహం ఎలా చూస్తాడు? పలక మూసేసి, ఫ్యూజు ఏప్రన్ జేబులో వేసుకుంది.

నాలుగింటికి ఆ వరసవాళ్ళంతా మడత కుర్చీలు తెచ్చుకుని గుండ్రంగా కూర్చోవడం అలవాటు. ఆ రోజు ఆర్డిస్ బండి ముందు కూర్చున్నారు. తీగ పీకేసి నేలమీద పడుంది. బండి నల్లగా, గమ్మున ఉంది. మిగిలిన లెఫ్సా డెలోరిస్ బండిలో కాల్పించి, కాఫీ కూడా అక్కడే కాయించి ఆర్డిస్ తెచ్చింది. అందరి ఎదుటా మామూలుగా అడిగింది.

"విర్జిల్, నా చక్కెర ఏం చేశావ్?"

"చక్కెరా? అదీ... చీమలకి పెట్టాను."

"గేలార్డ్, నీ కుక్క పేరేమిటి?"

గేలార్డ్ నలభై ఏళ్ళు బ్యాంకులో అబద్ధం ఆడకుండా బతికినవాడు. చెమటలు పట్టాయి. "డెలోరిస్, దాని పేరేమిటి?" అన్నాడు.

"నన్నెందుకు అడుగుతావ్? నా కుక్కని తీసుకెళ్ళేటప్పుడు అడగాలి!"

"నువ్వు నొక్కిన బొత్తాం ఎర్రదా, నల్లదా డెలోరిస్?" అంది ఆర్డిస్.

"నేనే బొత్తామూ నొక్కలేదు. నల్లదే నొక్కాను."

ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఒకరి సంగతి ఒకరికి అప్పుడే తెలిసింది. విర్జిల్ ముందు పకపకా నవ్వాడు, తర్వాత టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నిన్ను పంపించడం ఇష్టంలేక చేశాం ఆర్డిస్" అన్నాడు. ఆ జనంలో అంతమాట నోరారా అనడం మామూలు సంగతి కాదు. గేలార్డ్ గొంతు సవరించుకుని కొండలవైపు చూశాడు.

"తెలుసు. మీ ముగ్గురివీ నేనే సరిచేశాను. ఇంకొకటి మిగిలింది" అంది ఆర్డిస్. "అది మాత్రం నేను వెతకను. దానికి మందు నా జేబులోనే ఉంది, అయినా పెట్టను. తీసిన చెయ్యే పెట్టాలి. పొద్దుగూకేలోపు పెట్టకపోతే ఇవిగో తాళాలు, ఒప్పందం ఒప్పందమే."

తాళాలు తీసి లెఫ్సా పళ్ళెం పక్కన పెట్టింది. ముగ్గురూ నిర్ఘాంతపోయారు. ఎవరు తీశారు, ఏం తీశారు అని విర్జిల్ అడగబోతే డెలోరిస్ మోచేత్తో పొడిచింది. సూర్యుడు కొండలకి నాలుగు వేళ్ళ ఎత్తున ఉన్నాడు. ఆర్డిస్ అందరికీ కాఫీ పోసింది. చుక్క ఒలకలేదు. ఫార్గోలో మూడో అంతస్తు, లిఫ్టు, బింగో కళ్ళముందు తిరిగాయి. కొడుకు వంక మాత్రం చూడలేదు. చూస్తే అడిగినట్టవుతుందని.

మూడు వేళ్ళు. రెండు. విర్జిల్ గోధుమల గురించి ఏదో చెప్పడం మొదలుపెట్టి ఆపేశాడు.

కెంట్ కప్పు కింద పెట్టి లేచాడు. బండి మెట్టు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, పలక తీసి, చొక్కా జేబులోంచి ఏదో తీసి లోపల బిగించాడు. బండిలో దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. అతను అక్కణ్ణుంచి లేవలేదు.

"డిసెంబర్లో మూడు రోజులు ఫోనెత్తలేదు నువ్వు" అన్నాడు, పలక వైపే చూస్తూ.

"గేలార్డ్ బండి కింద ఉన్నానురా. వైర్లు మారుస్తున్నాను."

"అది నాకెలా తెలుస్తుందమ్మా? మూడో రోజు నీ అంత్యక్రియల్లో ఏ పాట పాడించాలా అని ఆలోచించుకుంటూ, ఎరువుల కొట్టు ముందు కారాపుకుని ఏడ్చాను. నాన్నప్పుడు ఆలస్యంగా వచ్చాను. నీకూ అలాగే అయిపోతుందనుకున్నాను."

ఆర్డిస్‌కి ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ముప్ఫై బళ్ళలో ఎక్కడ తెగిందో పట్టిన మనిషి, సొంత కొడుకు దగ్గర తెగింది పట్టలేకపోయింది. దానికి ఆవిడ సిగ్గుపడింది.

"ఫోనెత్తాల్సింది. తప్పు నాది" అంది. "ఇంకో తప్పు కూడా నాదే. పొద్దున్న కరెంటు పోగొట్టింది నేనే. పెనం, హీటరు, కాఫీ కుండ."

"మూడూనా?" అని డెలోరిస్ నోటిమీద చెయ్యేసుకుంది. "ఒకేసారా!"

"ఒకేసారి."

ఆ మాట విన్నాక గేలార్డ్ మొహంలో ఎన్నాళ్ళకో ప్రశాంతత కనిపించింది.

కొత్త ఒప్పందం అక్కడే కుదిరింది. రోజూ మధ్యాహ్నం ఆర్డిస్ ఫోన్ చెయ్యాలి. ఏ బండి కిందో ఉండి చెయ్యలేకపోతే ఈ ముగ్గురిలో ఒకరు చెయ్యాలి.

"దిగులుపడకు కెంట్. వెళ్ళి కాళ్ళు కదులుతున్నాయో లేదో చూసి, ఉన్నదున్నట్టు చెప్తాను" అన్నాడు విర్జిల్.

ఆర్డిస్ తాళాలు తీసి ఏప్రన్ జేబులో వేసుకుంది. కెంట్ కళ్ళు తుడుచుకుని, తీగ దిమ్మకి తగిలించి స్విచ్చి వేసి, ఇంకాస్త కాఫీ తెస్తానని ఖాళీ కుండ పట్టుకుని బండి ఎక్కాడు. సూర్యుడు కొండల వెనక్కి దిగిపోయాడు. బండి కిటికీలు పచ్చగా వెలుగుతున్నాయి. ఆర్డిస్ వాటినే చూస్తూ కుర్చీలో వెనక్కి వాలింది.

దీపాలన్నీ పోయాయి.

కుర్చీల్లో అందరూ కొయ్యబారిపోయారు. విర్జిల్ రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. గేలార్డ్, డెలోరిస్ కూడా ఎత్తారు. చీకటి గుమ్మంలోంచి కెంట్ గొంతు వినిపించింది.

"నేనేం చెయ్యలేదు! బూట్లు విప్పుతున్నానంతే!"

"వీపు గోడమీంచి తియ్యి నాన్నా" అంది ఆర్డిస్.